సాయంత్రం హాజరు

డిగ్రీ పూర్తయిన వేసవిలోనే నాకు బందరులో ఉద్యోగం దొరికింది. గిలకలదిండి వెళ్లే దారిలో, రొయ్యల్ని శుభ్రం చేసి గడ్డకట్టించి విదేశాలకు పంపే ఫ్యాక్టరీ అది. కొత్తగా చదువు ముగించినవాళ్లని, ఇంకా చదువుకుంటున్నవాళ్లని పనిలో పెట్టుకుంటే, వాళ్ల జీతంలో కొంత ప్రభుత్వమే కంపెనీకి తిరిగి ఇచ్చే పథకం ఒకటి ఉండేది. మా బ్యాచ్ అంతా ఆ పథకం కిందే చేరాం.

నందివాడ పక్కన మా ఊరి రోడ్డు మీద కంపెనీ బస్సు మొదటిసారి ఆగిన రోజు నాన్న చేలోకి వెళ్లలేదు. "జీతం గవర్నమెంటు ఇస్తుందంట. అంటే గవర్నమెంటు ఉద్యోగం లాంటిదేగా" అని పక్కింటాయనతో అంటున్నాడు. నేను సరిదిద్దలేదు.

చేరిన రోజే మేనేజరు మా అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి హాజరు కోసం ఫ్యాక్టరీ లోపలే నిలబడి ఫోన్లో ముఖం చూపించాలి. రెండోది పడకపోతే ఆ రోజుకి ప్రభుత్వం ఇచ్చేది రాదు.

"జ్వరమొచ్చినా సరేనమ్మా, సాయంత్రం దాకా ఓ మూల కూర్చుని ముఖం చూపించి వెళ్లండి" అన్నాడు నవ్వుతూ. మేమూ నవ్వాం.

అక్కడ ఏళ్ల తరబడి రొయ్యలు వొలుస్తున్న ఆడవాళ్లంతా గిలకలదిండి చుట్టుపక్కల బెస్త కుటుంబాల వాళ్లు. మమ్మల్ని "గవర్నమెంటు పిల్లలు" అనేవాళ్లు. మేం చేరాక వాళ్లు ఒక్కొక్కరే కనబడకుండా పోతూ వచ్చారు. గొడవ లేదు, కేక లేదు. నిన్నటిదాకా నా పక్కన నిలబడి మాట్లాడిన మనిషి ఇవాళ ఉండదు. ఆమె గ్లవ్స్ కొక్కేనికి వేలాడుతూ ఉంటాయి. వారం తిరిగేసరికి అవీ ఉండవు. ఎక్కడికి వెళ్లారని నేనెవర్నీ అడగలేదు. అడిగితే జవాబు నా వైపే వేలు చూపిస్తుందని తెలుసు.

ఆ బ్యాచ్‌లో నాకు దగ్గరైంది దివిసీమ అమ్మాయి. నాగాయలంక అవతల సముద్రం పక్క ఊరు. బందరులో హాస్టల్లో ఉండేది. వాళ్ల నాయనమ్మ ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుందట. గాలి తూర్పుకి తిరిగితే ఆవిడ ఇప్పటికీ ఇంట్లో పడుకోదని ఒకసారి అన్నం తింటూ మామూలుగా చెప్పింది.

ఆ ఏడాది దీపావళి దాటాక తుపాను పట్టింది. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు. బోట్లన్నీ తెచ్చి కట్టేశారు. ఇంకా మిగిలిన బెస్త ఆడవాళ్లు ఆ పొద్దున ఒక్కరూ పనికి రాలేదు. వాళ్లు రోజుకూలీలు, మానేస్తే ఆ రోజు కూలి పోతుంది, అంతే. మా బస్సు మాత్రం ఎప్పటిలాగే ఊరూరా తిరిగి మమ్మల్ని తెచ్చి దించింది. బల్లలు సగం ఖాళీగా ఉన్నాయి.

మధ్యాహ్నానికి కరెంటు పోయింది. జనరేటరు వేశారు. కాసేపటికి ఫోన్లలో సిగ్నల్ పోయింది. పైకప్పు రేకులు ఒకేసారి లేచి పడుతున్నట్టు మోగుతుంటే మాటలు వినపడటం లేదు. మేనేజరు మా అందర్నీ ప్యాకింగ్ హాల్లో కూర్చోమన్నాడు. బస్సు డ్రైవరు తడిసి ముద్దై లోపలికొచ్చాడు.

"సార్, చెట్లు పడుతున్నాయండీ. ఇప్పుడు బయల్దేరకపోతే పెడన కూడా దాటలేను."

"ఆగవయ్యా కాసేపు. సిగ్నల్ రానీ, హాజరు పడగానే తీసుకెళ్దువుగాని" అన్నాడు మేనేజరు. ఆయన చెడ్డవాడేం కాదు. గుడివాడలో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. పైనుంచి వచ్చిన మాట దాటలేక, ఫోను పైకెత్తి పట్టుకుని హాలంతా తిరుగుతున్నాడు.

దివిసీమ అమ్మాయి తలుపు దగ్గరికి వెళ్లి చాలాసేపు ఆవరణలోకి చూసింది. గేటు కిందనుంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. మెల్లగా, ఏ తొందరా లేనట్టు. వాన నీళ్లమ్మా అన్నాడు మేనేజరు. ఆ అమ్మాయి బయటికెళ్లి, వంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పగా ఉన్నాయి సార్."

తను తల మీది టోపీ తీసి బల్ల మీద పెట్టి బస్సు వైపు నడిచింది.

"వెళ్తే ఆబ్సెంట్ వేస్తాను!" మేనేజరు అరిచాడు.

"వేసుకోండి సార్. మీరూ రండి."

నేను లేచాను. నా వెనక మిగతావాళ్లు లేచారు, డ్రైవరూ మాతోపాటే కదిలాడు. ఆయన రాలేదు. కోల్డ్ స్టోరేజీ వదిలి రాలేనన్నాడు. బస్సు కదులుతుంటే మోకాలి లోతు నీళ్లలో వాచ్‌మన్ పక్కన నిలబడి, ఇంకా ఫోన్ వైపే చూస్తున్నాడు.

పెడన దాకా వెళ్లగలిగాం. తెల్లవార్లూ ఒక కల్యాణ మండపంలో ఒకరికొకరం ఆనుకుని కూర్చున్నాం. తర్వాత తెలిసింది, మేనేజరూ వాచ్‌మనూ ఆఫీసు మేడెక్కి బతికారని, ఎక్కేటప్పుడు రేకు తగిలి మేనేజరు చెయ్యి విరిగిందని. మేం మళ్లీ పనికి వెళ్లినప్పుడు ప్యాకింగ్ హాలుకి కప్పు లేదు. ఇనుప దూలాలు మేం కూర్చున్న బల్లల మీదే పడి ఉన్నాయి. చూసి ఎవరి పనిలోకి వాళ్లం వెళ్లాం. ఆ రోజు హాజరు మాత్రం ఎవరికీ పడలేదు, జీతంలో కోశారు.

దివిసీమ అమ్మాయి మళ్లీ రాలేదు. అవనిగడ్డలో కుట్టుమిషన్ పెట్టుకుంది. పథకంలో మా బ్యాచ్ గడువు అయిపోగానే మమ్మల్నీ వద్దన్నారు, బెస్త ఆడవాళ్లని మానిపించినంత నిశ్శబ్దంగానే. నేనిప్పుడు గుడివాడలో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను.

పోయిన ఏడాది మా పిన్ని కూతురు అదే పథకం కింద ఆ ఫ్యాక్టరీలోనే చేరింది. జరిగిందంతా చెప్పాను. "ఇంకెక్కడిస్తున్నారక్కా పని?" అంది. మొన్న బంగాళాఖాతంలో వాయుగుండమని టీవీలో చెబుతుంటే ఫోన్ చేశాను. వెనకాల రేకుల చప్పుడు వినిపిస్తోంది.

"బయల్దేరావా?"

"లేదక్కా. సాయంత్రం దాకా ఉండమన్నారు."