గండకి లోయలో సరోజ గొంతు

దెయ్యాన్ని చూశామని ఎవరైనా చెప్తే నేను ఒకటే అడిగేవాణ్ని. ఎంత దూరం నుంచి చూశారు? చాలామంది అక్కడే తడబడేవారు. దూరం చెప్పలేని సాక్ష్యం సాక్ష్యం కాదని నా లెక్క. యాభై దాటాక కూడా ఆ లెక్క మార్చుకోవలసిన అవసరం నాకు రాలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేదానికి మాత్రం దూరం ఉంది. నేనే కొలిచాను. చిక్కంతా అదే.

హైదరాబాదులో మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షలకు వెళ్లే పిల్లలకు లెక్కలు చెప్తాను. నేను డిగ్రీ పూర్తి చేయలేదు. తెనాలి నుంచి వచ్చిన కొత్తలో పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్న లెక్కలే అన్నం పెడుతున్నాయి. నేపాల్ వెళ్లొచ్చామని తెలిసి, అక్కడ ఏమేం చూడాలని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. అన్నీ చెప్తాను, ఒక్క చోటు తప్ప. ఈసారి అదీ చెప్తాను.

ముందు నా భార్య సరోజ గొంతు గురించి చెప్పాలి.

అమీర్‌పేటలో మాది మూడో అంతస్తు. కింద సందులో జిరాక్స్ షాపులు, హాస్టళ్లు, టిఫిన్ బండ్లు, బైకులు. ఆ మోతలో ఎదురుగా ఉన్న మనిషి మాటే సరిగా వినపడదు. సరోజ బాల్కనీలో నిలబడి "ఏమండీ!" అంటే మాత్రం సందు చివర స్కూటర్ పెడుతున్న నాకు తెలిసేది. అరిచేది కాదు. మామూలుగానే పిలిచేది. చివరి అక్షరాన్ని కొంచెం పైకి లేపి, సాగదీసి వదిలేది.

కింది వాటాలో బాలమణి అక్క ఉంటుంది. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. "బస్సుల గన్నేండ్లు ఒర్రిన గని, నా గొంతు సుత గింత దూరం పోలే చెల్లె" అనేది.

తర్వాత సరోజకు థైరాయిడ్‌లో గడ్డ వచ్చింది. పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. గడ్డ గొంతు నరాన్ని అంటుకుని ఉందని, మాట పోవచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు. అలాగే జరిగింది. ప్రాణానికి భయం లేదన్నారు. కానీ గొంతులో శబ్దం పుట్టించే రెండు తీగల్లో ఒకటి కదలడం ఆగిపోయింది. మాట్లాడితే గాలి వస్తుంది, శబ్దం రాదు. చెవి దగ్గర పెడితే తప్ప తెలియదు.

మొదట్లో ఆ గాలితోనే మాట్లాడేది. ఒకరోజు ఎర్రగడ్డ రైతుబజారులో టమాటాలు ఎంతని అడిగింది. బండి అతను చెవి ముందుకు పెట్టి, "ఏందమ్మా, నోట్ల బెల్లం గడ్డ పెట్టుకున్నవా? జర గట్టిగ చెప్పు" అన్నాడు. పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. అతనికి సంగతి తెలియదు, తప్పు పట్టడానికి లేదు. సరోజ ఖాళీ సంచితో ఇంటికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ గాలి మాటలు కూడా మానేసింది.

ఫోన్లో టైప్ చేసి చూపించేది. కొన్నాళ్లకు అదీ తగ్గింది. స్పీచ్ థెరపీకి రమ్మని ఆసుపత్రివాళ్లు చెప్తే ఒక్కసారి వెళ్లి, మళ్లీ వెళ్లనని తల అడ్డంగా ఊపింది. అద్దం ముందు నిలబడి నోరు తెరిచి చూసుకోవడం నేను రెండు మూడుసార్లు గమనించాను. మనిషి కళ్ల ముందే ఉంది కానీ, రోజు రోజుకీ ఇంట్లోంచి కొంచెం కొంచెంగా వెళ్లిపోతున్నట్టు ఉండేది. నాకు అన్నిటికంటే భయం వేసింది దానికే.

నేపాల్ కొండల్లో ఉన్న ముక్తినాథ్ గుడికి యాత్ర బాలమణి అక్క ఆలోచన.

"గీడ మోతల గట్టిగ మాట్లాడకుంటె ఎవలింటరు సార్? ఆడ కొండలల్ల ఎవలితోని మాట్లాడే పనే లేదు. చెల్లెకు నిమ్మళంగుంటది. పోదాం పాండ్రి."

"అక్కడ చలండీ. మీకు మోకాళ్లు నొప్పులు కదా?" అన్నాను.

"నా మోకాళ్ల ఫికర్ నీకెందుకు? నువ్వు టికెట్ల లెక్క జూడు."

అలా ముగ్గురం బయలుదేరాం.

నేపాల్ వెళ్లేవాళ్లు ఖాట్మండులో పశుపతినాథుణ్ని ఎలాగూ చూస్తారు. ఒక పూట మిగుల్చుకుని భక్తపూర్ కూడా వెళ్లండి. ఎర్ర ఇటుక చదును మీద ఐదంతస్తుల గుడి. పైకి వెళ్లేకొద్దీ ప్రతి కప్పూ కిందిదానికంటే చిన్నది. ఎంత మేరకు తగ్గుతోందో వేళ్లతో కొలిచి చూస్తే, కట్టినవాడి చేతికి దండం పెట్టాలనిపించింది. కొయ్య కిటికీల చెక్కడం ముందు సరోజ చాలాసేపు నిలబడింది. బాగుందా అని అడిగితే తల ఊపింది, అంతే.

పోఖరా మన హైదరాబాదు కంటే మహా అయితే మూడు వందల మీటర్లు ఎత్తు. అంత పల్లంలో చెరువు ఒడ్డున కూర్చుని తల ఎత్తితే దాదాపు ఏడు వేల మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే శిఖరం కనిపిస్తుంది. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. నేను కొలిచాను. ఆ కొండ పిడికిలి దాటి ఇంకో వేలు పైకి ఉంది. ముప్ఫై కిలోమీటర్ల అవతల ఉన్న వస్తువు అంత ఎత్తున కనపడటమంటే ఏమిటో లెక్క తెలిసినవాడికి ఒళ్లు జలదరిస్తుంది. తెలియనివాడికీ జలదరిస్తుంది. బాలమణి అక్క ఏ పిడికిలీ పట్టకుండానే "అబ్బ, మస్తుగున్నది" అని చెంపలు వేసుకుంది.

అక్కడి నుంచి జీపులో కాళీగండకి నది వెంట పైకి వెళ్లాం. ఒక పక్క ధవళగిరి, ఇంకో పక్క అన్నపూర్ణ. రెండూ ఎనిమిది వేల మీటర్లు దాటినవే. మధ్యలో నది. కొండ కొస నుంచి నీటి దాకా ఐదు కిలోమీటర్లకు పైగా లోతు. అమీర్‌పేట నుంచి ఖైరతాబాదు దాటి వెళ్లే దూరాన్ని నిలబెడితే ఎంతో, అంత. మార్ఫా అనే ఊళ్లో ఆగాం. తెల్ల సున్నం గోడలు, కప్పుల అంచున వరసగా పేర్చిన కట్టెలు, సందుల కింద పారే నీటి కాలువ, ఆపిల్ తోటలు. వీలైతే అక్కడ రెండు రోజులు ఉండండి.

ముక్తినాథ్‌లో నూట ఎనిమిది ధారలు గోడలోంచి పడుతుంటాయి. మంచు కరిగిన నీళ్లు. వాటి కింద వరసగా తడుస్తూ వెళ్లాలి. బాలమణి అక్క "ఓయమ్మో, సచ్చిన్రో" అని అరుస్తూ పరుగెత్తింది. కుర్రాళ్లు కూడా కేకలు పెడుతున్నారు. సరోజ ఒక్కతే పెదవులు బిగించి, నెమ్మదిగా ధార తర్వాత ధార కింద నడిచింది. చలికి ఒళ్లంతా వణుకుతోంది. నోట్లోంచి చిన్న మూలుగు కూడా రాలేదు. తువ్వాలు పట్టుకుని చివర నిలబడ్డ నాకు, ఈమె ఇక మాట్లాడదని ఆ క్షణాన ఖాయంగా అనిపించింది.

మర్నాడు దిగుతున్నాం. ఆ లోయలో పొద్దెక్కాక విపరీతమైన గాలి లేస్తుంది, అందుకని డ్రైవర్ పెందలాడే బయలుదేరదీశాడు. లేతే ఊరు దాటి కొంత దూరం వచ్చాక టైరు పంక్చరైంది. అతను జీపును రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపి పనిలో పడ్డాడు. మేము ముగ్గురం రోడ్డు వెంట కొంచెం కిందికి నడిచి, నది కనపడే ఒక రాతి అంచు దగ్గర నిలబడ్డాం. ఎండ బాగా వచ్చింది. ఆకు కదలడం లేదు. ఎదురుగా నదికి అవతల నిట్టనిలువు బండ. దాని మీద రోడ్డు లేదు, ఇల్లు లేదు, మేకల దారి కూడా లేదు. నా దగ్గరున్న చిన్న బైనాక్యులర్స్‌తో చూశాను.

అరిస్తే ప్రతిధ్వని వస్తుందని, అది ఎంతసేపటికి వచ్చిందో చూస్తే బండ ఎంత దూరమో తేలుతుందని చెప్పాను. బాలమణి అక్కకు అంతకంటే ఏం కావాలి? నడుం మీద చేయి పెట్టి, పాత అలవాటుగా గొంతెత్తింది.

"ఎర్రగడ్డ, అమీర్‌పేట్, పంజాగుట్టా... ఎక్కుండ్రి, ఎక్కుండ్రి!"

కాసేపటికి బండ "ఎక్కుండ్రి" అంది. స్పష్టంగా ఆమె గొంతే. "సూసినవా సార్, గీడ సుత ప్యాసింజర్లున్నరు!" అని పడీ పడీ నవ్వింది. సరోజ కూడా నవ్వింది. ఆపరేషన్ తర్వాత పళ్లు కనపడేలా నవ్వడం అదే మొదటిసారి.

ఇంకోసారి అరవమని, ఈసారి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాను. నాలుగు సెకన్లకు కొంచెం తక్కువ. ఆ చలిలో శబ్దం సెకనుకు మూడు వందల ముప్ఫై మీటర్లు వెళ్తుంది. వెళ్లి రావాలి కాబట్టి సగం చేయాలి. బండ సుమారు ఆరు వందల మీటర్ల దూరం. బాలమణి అక్క టీ ఫ్లాస్కు తెస్తానని జీపు దగ్గరికి వెనక్కి వెళ్లింది. మలుపు తిరిగాక కనపడలేదు.

నేను ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నాను. సరోజ నా ఎడమ పక్కన, చేయి తగిలేంత దగ్గరలో ఉంది. బండ వైపు చూస్తూ పెదవులు కదిపింది. నాకేమీ వినపడలేదు. కనీసం గాలి శబ్దం కూడా లేదు. ఏదో గొణుక్కుంటోందనుకున్నాను. ఎందుకో తెలియదు, అలవాటు కొద్దీ వేలు స్టాప్‌వాచ్ మీద నొక్కింది.

అవతలి నుంచి "ఏమండీ!" అని వినిపించింది.

"ఆఁ" అన్నాను.

అన్న తర్వాతే నాకు తెలివి వచ్చింది. అది సరోజ గొంతు. ఇప్పటిది కాదు, మా బాల్కనీ నాటిది. చివరి అక్షరం అలాగే పైకి లేచి, సాగి, లోయలోకి జారిపోయింది. ఫోన్ ఆపి చూశాను. నాలుగు సెకన్లకు కొంచెం తక్కువ.

సరోజ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. భయం వేసిందా అని చాలామంది అడగవచ్చు. లేదు. అంత అందమైన శబ్దాన్ని నేను ఆ ప్రయాణంలో వినలేదు. అన్ని శిఖరాలు చూశాను కదా, వాటి వరసలో దాన్నే ముందు పెడతాను.

ఇంతలో మలుపు అవతల నుంచి బాలమణి అక్క రొప్పుతూ వచ్చింది, మోకాళ్ల సంగతి మరిచిపోయి.

"ఏంది చెల్లె, సార్‌ను గట్ల పిలిస్తివి? ఏమన్న అయ్యిందా?" అంటూనే ఆగిపోయింది. ఫ్లాస్కు కింద పెట్టేసింది. "నీ గొంతొచ్చిందా చెల్లె? నేను జీపు కాడికెల్లి ఇన్న. నిజం చెప్పు, వచ్చిందా?"

అప్పటికి నేను ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఎవరు పిలిచారో, ఎవర్ని పిలిచారో ఆమే అంది.

అప్పుడు సరోజ మాట్లాడింది. నెలల తర్వాత మొదటిసారి. గాలి మాటే. అక్క ఆమె నోటి దగ్గర చెవి పెట్టి వినవలసి వచ్చింది.

"రాలేదక్కా" అంది. బండ వైపు వేలు చూపించింది. "అక్కడుంది."

బాలమణి అక్క ఆమెను దగ్గరకు తీసుకుని ఏడ్చింది. నేను మళ్లీ పిలవమని అడిగాను. సరోజ ఒప్పుకుని మూడుసార్లు ప్రయత్నించింది. ఏమీ రాలేదు. నాలుగోసారికి లోయలో గాలి లేచింది. దుమ్ము కళ్లలో పడింది. ఇక ఎవరు అరిచినా ఏమీ తెలిసేలా లేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు.

జీపులో సరోజ ఆగకుండా మాట్లాడింది. ఆపిల్స్ ఇంకో కిలో కొనాల్సిందని, నా మఫ్లర్ మాసిపోయిందని, ఇలాంటివే. ఇంజను మోతలో సగం వినపడలేదు. వినపడనప్పుడు నా భుజం మీద తట్టి మళ్లీ చెప్పింది.

ఇంటికి వచ్చాక పంజాగుట్టలో డాక్టరు గారికి చూపించాం. కెమెరా పెట్టి చూశారు. తీగ కదలడం లేదు, మునుపు ఎలా ఉందో అలాగే ఉంది. లోయ సంగతి ఆయనకు చెప్పలేదు. థెరపీకి వెళ్తానని సరోజే అడిగింది. ఇప్పుడు వారం వారం వెళ్తోంది. గాలి కొంత బొంగురుగా మారింది. పక్క గదిలోకి వినిపిస్తుంది, సందులోకి వినిపించదు. పాత గొంతు ఇక రాదని ఆమెకు తెలుసు. అయినా ఎవరైనా అర్థం కాలేదంటే తల దించుకోవడం లేదు. దగ్గరికి రమ్మని చేయి ఊపుతోంది.

నా వంతుగా నేను తోచిన కారణాలన్నీ ఒక్కొక్కటే కొట్టేసి చూశాను. అవతల ఇంకెవరో తెలుగువాళ్లు ఉన్నారనుకుందామా? ఆ బండ మీద నిలబడటానికి చోటు లేదు. నా మనసు భ్రమ పడిందా? మలుపు అవతలున్న బాలమణి అక్కది కూడా అదే భ్రమ ఎలా అవుతుంది? అక్క కేకే ఆలస్యంగా తిరిగి వచ్చిందా? ఆమె అన్నది వేరే మాట, వేరే గొంతు.

మిగిలింది ఆ సమయం ఒక్కటే. అక్క కేకకు ఎంత పట్టిందో ఈ పిలుపుకూ అంతే పట్టింది. అంటే అది మేం నిలబడ్డ చోటు నుంచే బయలుదేరి, ఆ బండను తాకి, తిరిగి వచ్చింది. అది పుట్టినప్పుడు ఆ చోట ఉన్నది నేనూ, సరోజా. నేను నోరు తెరవలేదు. ఆమె నోట్లోంచి శబ్దం రాలేదు. ఈ రెండూ నాకు ఖాయంగా తెలుసు. వెళ్లేటప్పుడు పక్కనే ఉన్న నాకు వినపడని ఆ పిలుపు, తిరిగి వచ్చేటప్పుడు ఎలా వినపడిందో మాత్రం ఈ రోజుకీ తెలియదు.