బ్రేకుల్లేని బండి నడిపిన పక్కింటాయన

గత వారం ప్లేనోలోని మా ఇంట్లో, కూతురి తలకు రాద్దామని ఆముదం వేడిచేస్తుంటే నాలుగు చుక్కలు స్టవ్ మీదికి జారి మాడాయి. ఆ పొగ ముక్కుకు తగలగానే నా తొమ్మిదో ఏడు, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా వీధి, పక్కింటి ఆర్థర్ అంకుల్ గరాజ్ కళ్లముందుకొచ్చాయి.

వేసవి సాయంత్రాల్లో, కోసిన గడ్డి వాసన, ఎవరో పెరట్లో కాలుస్తున్న మొక్కజొన్న పొత్తుల వాసన, మా వంటింటి పోపు వాసన కలిసి వీధంతా తిరిగే వేళ, ఆయన గరాజ్ తలుపు ఎత్తి, బల్లకు బిగించిన పాత మోటార్‌సైకిల్ ఇంజన్‌లో ఆముదంతో చేసిన నూనె పోసి స్టార్ట్ చేసేవాడు. ఎడమకాలు ఈడ్చి నడిచే ఆ ఇంగ్లండు ముసలాయన, కుర్రతనంలో తాను స్పీడ్‌వే అనే మోటార్‌సైకిల్ రేసుల్లో పేరున్న రైడర్‌నని చెప్పేవాడు. కాలిన బొగ్గు పొడి పరిచిన ట్రాక్, నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు, ఎప్పుడూ ఎడమకే మలుపు, ఇనప తొడుగు వేసిన ఎడమ బూటు నేలకు రాస్తూ, ముందు చక్రం కుడికి తిప్పి, వెనక చక్రాన్ని పక్కకు జారుస్తూ పోవడం. పైగా ఆ బండికి బ్రేకులే ఉండవట.

ఆ చివరి మాట దగ్గరే మా నాన్నకు అనుమానం. ఆయన పని చేసేది కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఆఫీసులో.

"బ్రేకుల్లేని బండిని రేస్‌లోకి ఎవడు అలౌ చేస్తాడే? కోతలు కోస్తున్నాడు," అన్నాడు.

అమ్మ అనుమానం వేరు. "అంత ఫేమస్ అయితే ఇంట్లో ఒక్క ఫోటో ఉండదా? ఏదో దాస్తున్నాడు. ఒక్కదానివీ ఆ గరాజ్‌కి వెళ్లకు."

నేను వెళ్లాను. అడిగిన ప్రశ్నే వారం తర్వాత మళ్లీ అడిగి జవాబులు పోల్చుకునేదాన్ని. అన్నీ సరిపోయేవి. రేసులు ఎందుకు మానేశారంటే మాత్రం ఒకసారి మోకాలన్నాడు, ఇంకోసారి పెళ్లన్నాడు. దొరికిపోయాడన్న గర్వంతో, "మీరు చెప్పేవన్నీ అబద్ధాలని మా నాన్న అన్నాడు," అనేశాను. ఆయన ఇంజన్ ఆపి, చేతులు గుడ్డకు తుడుచుకుని, తలుపు దించేశాడు. ఆ దీపావళికి అమ్మ పంపిన అరిసెలు ఆయన గుమ్మం మీదే గట్టిపడ్డాయి.

డిసెంబర్‌లో ఆయన కారు మొరాయిస్తే, నాన్న మొహమాటపడి ఆయన్ని మా కారులో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. నాన్న పక్క సీట్లో ఆయన, వెనక సీట్లో నేను. ఎడమకు తిరిగే పల్లపు రోడ్డులో, మంచు మీద కారు వెనక భాగం జారింది. నాన్న బ్రేక్ తొక్కిపట్టాడు. కారు ఆగకుండా, ఎదురుగా వస్తున్న ట్రక్కు వైపు తిరగసాగింది.

"బ్రేక్ వదులు! కుడికి!" అని ఆర్థర్ అంకుల్ అరిచి, తనే స్టీరింగ్ పట్టుకుని కుడికి లాగాడు. కారు నిలదొక్కుకుంది. ట్రక్కు హారన్ మోగిస్తూ పక్కనుంచి పోయింది.

రోడ్డు పక్కన ఆపాక కూడా ఆర్థర్ అంకుల్ స్టీరింగ్ వదల్లేదు.

"చివరి రేసులో నా ముందున్నవాడు పడ్డాడు," అన్నాడు, ఎవరూ అడగకుండానే. "తప్పించడానికి చోటు లేదు. నా బండి అతని మీదుగా పోయింది. మళ్లీ ఎక్కలేదు. ఫోటోలన్నీ కాల్చేశాను."

నాన్న ఇంజన్ ఆపాడు. తర్వాత, "ఐ యామ్ సారీ, ఆర్థర్ గారూ," అన్నాడు.

నాకు మాత్రం ఒక అనుమానం మిగిలింది. నిజంగానే చోటు లేకపోయిందా, గెలవాలన్న ఆత్రంలో తప్పించలేదా? అది ఆయనకు కూడా తెలియదేమోనని ఇప్పుడనిపిస్తుంది.

మొన్న ఆఫీస్ పని మీద డెట్రాయిట్ వెళ్లి, ఆ వీధి దాకా పోయాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఏ గరాజూ తెరిచి లేదు, బయట ఒక్క పిల్లా లేదు. ఆయన ఇంటి ముందు రెండు నిమిషాలు నిలబడ్డానో లేదో, తలుపు మీది కెమెరాలోంచి ఒక గొంతు, ఎవరు మీరు, ఏం కావాలి అని అడిగింది. ఇక్కడ ఆర్థర్ అనే రేస్ రైడర్ ఉండేవాడని చెప్పాను.

"ఆ పేరుగలవాళ్లు ఇక్కడెవరూ లేరు," అంది గొంతు.