డెల్బర్ట్ తెచ్చిన కాగితాలు

మార్లీన్ హూడాక్ ఇరవయ్యారేళ్లుగా స్కూలు బస్సు నడుపుతోంది. ట్రిప్పు ముగిశాక చివరి సీటు దాకా నడిచి, ఏ పిల్లవాడైనా నిద్రపోయి ఉండిపోయాడేమోనని ప్రతి సీటూ వంగి చూస్తుంది. పిల్లలందరూ దిగిపోయారని ఎవరు చెప్పినా నమ్మదు. పెన్సిల్వేనియా ఉత్తరపు కొండల్లోని ఆ ఊళ్లో ఆమె గుణాన్ని మెచ్చుకునేవాళ్లు కొందరు, భరించేవాళ్లు మిగతావాళ్లు.

అలాంటి మనిషిని రాజకీయాల్లోకి దించింది ఒక ఉత్తరం. గ్యాస్ కంపెనీ కొండ తొలిచాక ఆమె బావి నీళ్లు బురద రంగుకు తిరిగాయి. కంపెనీకి రాస్తే ఒక జవాబు వచ్చింది. రాష్ట్ర శాసనసభకు ఎనిమిది సార్లు గెలిచిన సొంత పార్టీ ప్రతినిధి వాస్‌బర్గ్‌కు రాస్తే ఇంకో జవాబు వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివింది. కామాలతో సహా ఒకటే. ఒళ్లు మండిపోయి, పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ప్రైమరీ ఎన్నికలో వాస్‌బర్గ్ మీద తానే నిలబడతానంది.

బ్యాలెట్ మీద పేరు ఎక్కాలంటే పార్టీ ఓటర్ల సంతకాలు మూడు వందలు కావాలి. ఫిబ్రవరి మంచులో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరి వాకిట్లో కొత్త పికప్ ట్రక్కు కనిపించినా కంపెనీ సొమ్మేమోనని అనుమానం. చర్చి భోజనాల దగ్గర ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వాస్‌బర్గ్‌కు ఉప్పందించడానికేనని అనుమానం.

స్నేహితురాలు బెర్నీస్ వంటింట్లో మాత్రం ఆమె ప్రాణం కుదుటపడేది.

"మీ ఆయన ఫ్లాయిడ్ ఏడే?" అంది మార్లీన్ సంతకాల కాగితం తీస్తూ.

"కొట్టంలో ఆవుల దగ్గరున్నాడు. ఆయన పేరు కూడా నేనే గీకేస్తా, ఇటివ్వు. ఆ మనిషి పుట్టినరోజు కార్డుల మీద కూడా నేనేగా సంతకం పెట్టేది."

మార్లీన్ నవ్వి కాగితం అందించింది. ఆ చుట్టుపక్కల ఇళ్లన్నిటా అదే తంతు. మొగుడు చలిలో పనిలో ఉంటే పెళ్లాం పెట్టేస్తుంది. అయినవాళ్ల దగ్గర తప్పు వెతకాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

అనుమానమంతా డెల్బర్ట్ స్ట్రోప్ మీద. డెబ్బై దాటాయి, అదే కంపెనీలో పదేళ్లు లారీ తోలి మానేశాడు. అడక్కుండానే వచ్చి, "నేనూ తిరుగుతానమ్మాయ్" అన్నాడు. వారం తిరక్కుండా నాలుగు కాగితాల్లో యాభై ఎనిమిది సంతకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటి కాగితంలో రెండో సంతకం వంకరటింకరగా గీత దాటి కిందికి పాకింది.

"ఇదెవరిది?"

"మా ఆవిడది" అని ఆయన ముఖం తిప్పుకున్నాడు.

ముఖం తిప్పుకున్నాడంటే ఇంకేం కావాలి మన మార్లీన్‌కు? దొంగ సంతకాలు కలిపి తన పరువు తీయడానికి కంపెనీయే పంపిందని తేల్చేసుకుంది. ఆ నాలుగు కాగితాలూ వంటింటి సొరుగులో గుడ్డల కింద పెట్టి, తాను సేకరించిన మూడు వందల నలభై ఒక్క సంతకాలే దాఖలు చేసింది. డెల్బర్ట్‌కు చెప్పలేదు.

ఆ సంతకాలు చెల్లవని వాస్‌బర్గ్ లాయరు కోర్టుకెక్కాడు. విచారణకు డెల్బర్టే ఆమెను తన ట్రక్కులో రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్ తీసుకెళ్లాడు. కంపెనీకి కబురు పెడతాడేమోనని దారి పొడుగునా ఆమె ఆయన ఫోను మీద కన్నేసి కూర్చుంది.

కోర్టులో లాయరు ఒక్కో కాగితం తీసి చూపించాడు. మొగుడి పేరూ పెళ్లాం పేరూ ఒకటే చేతిరాత. ఎవరి సంతకం వాళ్లే పెట్టాలన్నది చట్టం. ఫ్లాయిడ్ పేరు కొట్టేశారు. అలాంటివే ఇంకా నలభై ఎనిమిది కొట్టేశారు. రెండు వందల తొంభై రెండు మిగిలాయి. ఎనిమిది తక్కువైనందుకు ఆమె పేరు బ్యాలెట్ మీద ఉండదన్నారు.

డెల్బర్ట్ పక్కకు వంగాడు. "నావి యాభై ఎనిమిది ఉన్నాయిగా. అవి లెక్కపెట్టలేదేం?"

"ఇవ్వలేదు" అంది మార్లీన్. "మిమ్మల్ని కంపెనీ మనిషి అనుకున్నా. ఆ రెండో సంతకం దొంగదనుకున్నా."

ఆయన ఒళ్లో టోపీని కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"మా ఆవిడ పక్షవాతం వచ్చి వృద్ధాశ్రమంలో ఉంది. నేను పెడతానంటే ఒప్పుకోలేదు, తన పేరు తనే రాస్తానంది. ఆ ఒక్క సంతకానికి అరగంట పట్టింది, మార్లీన్."

ఆమెకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. ఇంటికి ఇంకా మూడు గంటల దారి ఉంది, తీసుకెళ్లాల్సింది ఆయనే.