పాపుల దగ్గర ఆగిన ఫ్యాను

ఆ రోజుల్లో చేత్తో చేసే పని కూడా చదువు కిందికే వస్తుందని మా ఎమ్మిగనూరు బడిలో ఎవరికీ తెలియదు. చదువంటే బట్టీ పట్టడం, పరీక్షలో కక్కడం. అలాంటిది నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది ఒక పాత గది తాళం తీసి, దానికి ల్యాబు అని పేరు పెట్టారు. తీగలు, మోటార్లు, మాట వినే కార్డులు, ప్లాస్టిక్‌తో వస్తువులు పోసే త్రీడీ ప్రింటరు అన్నీ వచ్చాయి. (ప్రింటరు పాడవుతుందని హెడ్మాస్టరు గారు దాని మీద దుప్పటి కప్పించారు. బడి వదిలేదాకా ఆ దుప్పటినే చూశాను, ప్రింటరును చూడలేదు.)

ల్యాబు సారు రోజూ ఆదోని నుంచి బస్సులో వచ్చేవారు. వస్తువు సంగతి తర్వాత, ముందు ఒక మనిషిని పట్టుకొని ఆ మనిషికి ఏం కష్టమో అడిగి రమ్మన్నారు. దాంతో తరగతంతా ఊరి మీద పడి, కనబడినవాళ్ళనల్లా "మీకేం కష్టం?" అని అడిగింది. మగ్గం నేసే పెద్దాయన ఒకరు "ఎలుతురికి అడ్డం నిలబడినారే, అదే కష్టం. జరగండి" అన్నాడు. నేను మాత్రం ఎక్కడికీ పోలేదు. నాకు కావలసిన మనిషి మా ఇంట్లోనే మంచం మీద కూర్చొని ఉంది. ఆమె మా అవ్వ.

మా నాన్న మా వీధి చివరనున్న చిన్న ప్రార్థన మందిరానికి పాస్టరు. నేను అక్షరాలు దిద్దింది బైబిలు వాక్యంలోనే. ఇప్పటికీ మనసు జారితే నిలబెట్టుకునేది అక్కడే. అవ్వ అయితే ఆదివారం మందిరానికి పోకుంటే అన్నం తినేది కాదు. అలాంటి మనిషి కొన్ని నెలలుగా పోవడం మానేసింది. ఫ్యాను తిరిగితే మోకాళ్ళు పట్టేస్తాయి, ఆగితే కళ్ళు తిరుగుతాయి. స్విచ్చులేమో నాన్న నిలబడే బల్ల వెనక ఉంటాయి. ప్రసంగం మొదలయ్యాక బల్ల వైపు ఎవరూ లేచి పోకూడదన్నది మా సంఘంలో కట్టడి. కన్నతల్లి కోసమైనా నాన్న దాన్ని సడలించే మనిషి కాదు.

"ఏం కష్టం అవ్వా?" అని అడిగితే, "నేను నోటితో సెప్తే ఫ్యాను ఇనాల. సేస్తావా అమ్మీ?" అంది.

నాకు జోడీగా దొరికింది టంకం. బస్టాండు దగ్గర వాళ్ళ నాన్నకు మిక్సీలు, రేడియోలు బాగుచేసే అంగడి ఉంది. తీగలు అతికే టంకం పెట్టడంలో ఆ పిల్ల చెయ్యి తిరిగింది కాబట్టి ఆ పేరే స్థిరపడింది. ఇద్దరం మాట వినే కార్డును బిస్కెట్ల డబ్బాలో బిగించి, ఫ్యానుకు కలిపి, అవ్వ రోజూ వాడే మాటలే నేర్పించాం. ఇంటికి ఎవరొచ్చినా అవ్వ "ఫ్యాను ఏసుకో నాయనా" అనేది. కాబట్టి తిరగడానికి "ఏసుకో", నిలవడానికి "ఆపు". పళ్ళు లేనందున అవ్వ మాట ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా పలికేది. అందుకని ఎవరి గొంతయినా, మాటలో ఆ శబ్దం ఎక్కడ వినిపించినా ఒప్పుకునేటట్టు కార్డును బాగా వదులు చేశాం. ల్యాబులో అది బ్రహ్మాండంగా పనిచేసింది. (ల్యాబులో ఎవరూ వాక్యం చెప్పరు కదా!)

"ఒక్క ఆదివారం సూస్తా" అన్నాడు నాన్న. "అల్లరి అయిందంటే డబ్బా తీసేయాల. మల్లా అడగగూడదు."

ఆ ఆదివారం సారు కూడా వచ్చి వెనక చాప మీద కూర్చున్నారు. అవ్వ తెల్లచీర కట్టుకొని, నా భుజం పట్టుకొని వచ్చి ముందు వరసలో కూర్చుంది. పైకి చూసి మెల్లగా "ఏసుకో" అంది. ఫ్యాను తిరిగింది. "స్తోత్రం" అంది అవ్వ. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాన్న బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన ప్రసంగంలో ముప్పావు వంతు పాపం, పావు వంతు కృప ఉండేవి. మైకు పెట్టె పక్కనే మా డబ్బా ఉంది. "మనమందరమూ పాపులము" అని మొదలుపెట్టాడు. ఫ్యాను నిలిచిపోయింది.

"నేననలేదే" అంది అవ్వ, నా చెవిలో.

అవ్వ "ఏసుకో" అంటుండగానే "పాపుల గతి ఏమవుతుంది?" అన్నాడు నాన్న. ఫ్యాను కదలలేదు. ఉక్కపోతకు చాపల మీద కదలికలు మొదలయ్యాయి. అంతలో నాన్న గొంతు పెంచి "ఎవరి కోసం బతుకుతాండాము? ఏసు కోసం!" అన్నాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. ఒక్క క్షణమే. "అయినా పాపులు వినరు" అన్నాడు, నిలిచిపోయింది. మళ్ళీ "ఏసు కోసం" అంటే తిరిగింది, చివరికి "దేవుని కాపుదల" అన్నా నిలిచిపోయింది. నా పక్కన టంకం మోకాళ్ళలో తల దూర్చుకొని వణుకుతోంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, నవ్వు ఆపుకుంటోంది. నేను మాత్రం అవ్వ ముఖం మీది చెమటనే చూస్తున్నాను. వచ్చే ఆదివారం ఆమె మళ్ళీ ఆ మంచం మీదే.

నాన్నకు ఇదేదీ తెలియదు. గోనెగండ్ల నుంచి జనాన్ని ఎక్కించుకొచ్చే ఆటో అన్న వెనక నుంచి మెల్లగా "అయ్యా, పాపులు సాలయ్యా. రవ్వంత ఏసు కోసం సెప్పు, ఉడికిపోతాండాము" అన్నాడు.

మందిరమంతా నవ్వింది. నాన్న పైకి చూశాడు, డబ్బాను చూశాడు, నన్ను చూశాడు. మైకు దగ్గరికి వంగి, నేర్చుకునే పిల్లవాడిలా "పాపు..." అన్నాడు. కదలలేదు. "ఏసు కోసం" అన్నాడు. తిరిగింది. ఆ తర్వాత పాపుల మాట నోట రాకుండా ప్రసంగం నడపాలని చూశాడు. "మనం సేసే ఆ... అట్లాంటి పనులు" అంటూ తడుముకున్నాడు. ముప్పావు వంతు పోయాక మిగిలింది కృపే కాబట్టి, ఆ రోజు అందరం తొందరగా ఇళ్ళకు చేరాం.

వాకిట్లో నేను తల వంచుకొని "తీసేయమంటావా నాయనా?" అన్నాను.

నాన్న నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "అల్లరి సేసింది డబ్బా కాదురా, నీ నోరు. శానా దినాలకు నీ ప్రసంగం నిద్రపోకుండా ఇన్నా. నేను వచ్చే ఆదివారమూ వస్తా."

నాన్న పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. "డబ్బా మాటలు మార్చుకోండి. నా మాటలు మారవు" అన్నాడు.

సారు చెప్పులు వేసుకుంటూ "అవ్వనైతే అడిగినాము. ఆమె కూర్చునే సోటు ఎట్లాంటిదో అడగలేదు" అన్నారు, తనను కూడా కలుపుకొని. మందిరంలో ఎన్నడూ వినబడని మాటల కోసం మేం తలలు పట్టుకుంటే, టంకం "మా ఇంట్లో ఉర్దూ మాటలు తీసుకోండి మే. నడువు అనడానికి చలో, చాలు అనడానికి బస్" అంది. నాన్న కొంచెం ఆలోచించి "గాలికి ఏ బాసయితే ఏమిలే" అన్నాడు.

అలా మా అవ్వ మందిరంలో ముందు వరసలో కూర్చొని ఉర్దూలో ఫ్యానును నడిపింది. డబ్బాను ఆదోని సైన్సు ప్రదర్శనకు కూడా తీసుకుపోయాం. బహుమతి రాలేదు. ప్రదర్శన పెట్టింది బస్టాండు పక్కన. "మా బస్సు పోతాంది" అని ఎవరు అరిచినా ఫ్యాను నిలిచిపోయింది. మందిరంలో మాత్రం అది బాగానే నడిచింది. రానురాను అవ్వ ఆ మాటకు ఇంకో వాడకం కనిపెట్టింది. ప్రసంగం మరీ సాగితే, చలిగా లేకపోయినా "బస్" అనేది. ఫ్యాను నిలిచేది. నాన్న పైకి చూసి, "ప్రార్థన చేసుకుందాం" అనేవాడు.

అవ్వ ప్రభువు దగ్గరికి పోయింది. మందిరానికి కొత్త పైకప్పు వేసినప్పుడు డబ్బా కూడా పోయింది. ఇప్పుడు నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో మిషన్లు బాగుచేస్తాను. ఆదివారాలు ఇంటికి వస్తాను. మొన్న నాన్న ప్రసంగం పాపుల దగ్గరే చాలాసేపు నిలబడింది. ముందు వరసలో, అవ్వ కూర్చున్న చోటే కూర్చున్న నేను, ఆలోచించకుండానే మెల్లగా "బస్" అన్నాను.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. నాన్న నిలిచిపోయాడు. అలవాటుగా పైకి చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకొని, ఫ్యానుకు చెవులు పెట్టానని మురిసిపోయిన నాలోని ఆ తొమ్మిదో తరగతి పిల్ల కనబడింది. ప్రార్థనలో నవ్వకూడదని తెలుసు. అయినా నవ్వాను.