అట్టల వెనక మాత్రల డబ్బా

మా అత్త మూడేళ్లు మంచంలో ఉంది. పక్షవాతం. ఎడమ వైపు పడిపోయింది, మాట సగమే మిగిలింది. ధర్మవరంలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గుంత మగ్గం, వెనక గదిలో వంటా, పడకా. అత్త ఇనుప మంచం వెనక గదిలో వేశాక, దాని పక్కన కింద నా చాప పడింది. మా ఆయన పరుపు మగ్గం గదిలోకి వెళ్లింది. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఆమె పిలిస్తే లేవాల్సింది నేను, తెల్లారితే మగ్గంలో కూర్చోవాల్సింది ఆయన. అంతే.

ఆమె పోయాక మంచం ఖాళీగా అక్కడే ఉండిపోయింది. నా చాప దాని పక్కనే, ఆయన పరుపు మగ్గం పక్కనే. మార్చుకుందామని ఆయన అనలేదు, నేనూ అనలేదు. అత్త పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. దినాలయ్యాక రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే చేతులు వాటంతట అవే పని చేశాయి. తింటున్నానంటే తింటున్నాను, పడుకున్నానంటే పడుకున్నాను. మా అమ్మాయి అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఫోన్ చేసి "ఎట్లుండావమ్మా" అని అడిగితే "బాగుండా" అనేదాన్ని. అబద్ధం చెబుతున్నట్టు కూడా అనిపించేది కాదు.

సంవత్సరీకం రోజు మా ఆడబిడ్డ ఫోన్లో ఫొటోలు తీసి పంపింది. ఒక ఫొటోలో, విస్తళ్ల దగ్గర వంగి వడ్డిస్తున్న లావుపాటి ఆడమనిషి ఎవరో నాకు వెంటనే తెలియలేదు. చీర అంచు చూసి గుర్తుపట్టాను. అది నేనే. సిగ్గు వేయలేదు. ఎవరో మా ఇంట్లోకి వచ్చి నా చీర కట్టుకుని తిరుగుతున్నట్టు అనిపించింది. మూడేళ్లలో ఇంత మారిపోయానా అనుకుని ఫోన్ పక్కన పెట్టి గిన్నెలు తోముకున్నాను.

ఆ తర్వాత వారం పది రోజులకు మాత్రలు దొరికాయి. మగ్గం గదిలో పై అరమీద మగ్గానికి తగిలించే పాత డిజైన్ అట్టలు కట్టలు కట్టి ఉంటాయి. ఇప్పుడెవరూ అడగని డిజైన్లు. దుమ్ము దులుపుదామని ఒక కట్ట లాగితే దాని వెనక నల్ల డబ్బా కనిపించింది. నేను పదో తరగతి వరకు చదివాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను. డబ్బా మీద ఒక సన్నటి నడుము బొమ్మ, దాని చుట్టూ టేపు. కింద చెట్టు బెరడు ముక్కలు. ఫ్యాట్ అనే మాట పెద్ద అక్షరాల్లో ఉంది. రెండో వైపు చొక్కా లేని మగవాడొకడు కండలు చూపిస్తున్నాడు. అటువైపు అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయి, చదవలేదు.

కూర్చుని కూర్చుని ఆయనకూ పొట్ట వచ్చింది. దాని కోసం తెచ్చుకున్నాడనుకున్నాను. మరి దాచడమెందుకు? ఇంకొకరైతే అనుమానపడేవారేమో. నాకు ఆ ఓపిక కూడా లేదు. మూత తీసి ఒకటి నోట్లో వేసుకుని నీళ్లు తాగాను. డబ్బా మళ్లీ అట్టల వెనకే పెట్టాను.

అలా రోజూ పొద్దున, ఆయన బయట పళ్లు తోముకుంటున్నప్పుడు ఒకటి వేసుకునేదాన్ని. గంట తిరిగేసరికి అరచేతుల్లో చెమట పట్టేది. ఆకలి వేసేది కాదు. బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపి ఆయనకు పెట్టి నేను ఊరికే ఉండేదాన్ని. గుండె దడదడా కొట్టుకునేది. ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకునేవి. దేనికో తెలియని భయం వేసేది, వాకిట్లో ఎవరో వచ్చి నిలబడి చెడ్డ కబురు చెప్పబోతున్నట్టు. కొవ్వు కరగడమంటే ఇదే కాబోలు అనుకున్నాను.

మానేయాలని ఎందుకు అనిపించలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆ భయం నాకు ఇష్టమైందని చెప్పలేను. కానీ ఏడాదిగా నా లోపల ఏదీ కదలలేదు. ఇప్పుడు ఏదో ఒకటి కదులుతోంది. మంచిదో చెడ్డదో, నా గుండె చప్పుడు నాకు వినిపిస్తోంది. అంతకు మించి కారణం దొరకలేదు.

ఒక రోజు మాత్ర వేసుకుని, కాసేపటికి ఇంకొకటి కూడా వేసుకున్నాను. నడుము ఏమీ తగ్గినట్టు లేదని. తర్వాత రాట్నం ముందు కూర్చున్నాను. ఆయన మగ్గంలో ఉన్నాడు. పట్టుపోగు చివర తెగితే అతికిద్దామని చూస్తే వేళ్లు వణుకుతున్నాయి. పోగు కనిపిస్తోంది, చేతికి అందడం లేదు. మెడ నరాలు కొట్టుకుంటున్నాయి. తల వెనక ఎవరో గుద్దుతున్నట్టు నొప్పి. మగ్గం చప్పుడు ఏదో, నా గుండె చప్పుడు ఏదో తెలియలేదు. రాట్నం మీద చెయ్యి పెట్టి ఆపాను.

మగ్గం కూడా ఆగింది. "ఏమ్మే, కండె అయిపాయనా?" అన్నాడు ఆయన.

నేను రాట్నం పట్టుకునే ఉన్నాను. గుంతలోంచి పైకి లేచి చూశాడు. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తి ఆటో పిలుచుకొచ్చాడు.

ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. మాట వింటే కోస్తా వైపు మనిషిలా ఉంది. బీపీ చూసి, మళ్లీ రెండో చేతికి పట్టీ కట్టి చూసింది. నర్సును పిలిచి ఇంజక్షన్ చెప్పింది. ఛాతీ మీదా, కాళ్లకూ చేతులకూ తీగలు తగిలించి కాగితం తీశారు. అది చదువుతూనే అడిగింది.

"బీపీ ఉందని ఇంతకుముందు ఎవరైనా చెప్పారామ్మా?"

"చెప్పినారు. మాత్రలిచ్చినారు. తలనొప్పి వస్తే ఏసుకుంటా."

"తలనొప్పి వస్తేనా?" అని ఒక్క క్షణం నా వంక చూసింది. "ఇంకేం వాడుతున్నావు? నాటు మందులు, బలం మందులు, సన్నబడే మాత్రలు, ఏవైనా?"

"ఏం లేదు మేడం."

మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను ఫ్యాన్ వైపు చూస్తున్నాను. ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది.

"మేడం, ఇంట్లో మాత్రల డబ్బా ఒకటుండాది. అది నాది. ఆయమ్మ తిన్లేదు. తినుండదు. కానీ..."

"కానీ?"

"జల్దీ తగ్గిపోతాండాది. నేనే యాడో లెక్క మర్చిపోతాండానేమో అనుకున్యా."

ఇద్దరూ నా వైపు తిరిగారు. దాచడానికి ఇంకేం లేదు.

"నేను తిన్నా" అన్నాను. "పొద్దున పూట. ఈరోజు రెండు."

డాక్టరమ్మ ఆయన్ని వెంటనే ఇంటికి పంపి డబ్బా తెప్పించింది. ఆయన తిరిగొచ్చేసరికి నాకు దడ కొంచెం తగ్గింది. ఆమె డబ్బాను కిటికీ వెలుతురులో పెట్టి, నేను చదవని సన్నక్షరాలన్నీ చదివింది.

"యోహింబే అని ఆఫ్రికాలో ఒక చెట్టుంటుంది. దాని బెరడు ఇది. ఎక్కడ కొన్నావయ్యా?"

"జిమ్ముండాది మేడం, ఆడ. చెట్టు మందే, ఏం కాదన్నా, అన్న్యాడు ఆ జిమ్మోడు."

"గన్నేరు కూడా చెట్టేగా. బీపీ ఉన్న మనిషి ఇది తింటే ఏమవుతుందో చూశావుగా. నువ్వు ఎందుకు తెచ్చుకున్నావు?"

"కడుపు తగ్గుతాదని."

ఆమె డబ్బా రెండో వైపు తిప్పింది. చొక్కా లేని మగవాడి వైపు. ఏదో అనబోయి, నన్నూ ఆయన్నీ చూసి, ఊరుకుంది. తర్వాత స్టూలు జరిపి "కూర్చో, నీకూ బీపీ చూస్తాను" అంది. ఆయనకూ ఎక్కువే ఉంది. నా పక్క మంచం మీద పడుకోబెట్టి ఆయనకూ తీగలు తగిలించారు. నాలుగేళ్ల తర్వాత మేం పక్కపక్కన పడుకోవడం అదే మొదలు. మధ్యలో నర్సు నిలబడి ఉంది.

ఆ మధ్యాహ్నం నన్ను వార్డులోకి మార్చారు. ఒక రోజు ఉండాలన్నారు. ఆయన బయటికి వెళ్లి ఇడ్లీలు కట్టించుకొచ్చాడు. విప్పి నా ముందు పెట్టాడు. ఇద్దరం తినలేదు.

"పిల్లకు ఏం చెప్పల్ల?" అన్నాడు.

"ఎండకు కండ్లు తిరిగినాయని చెప్పు."

ఇడ్లీల మీద ఈగ వాలితే తోలాను. తర్వాత, ఈ పూట ఏం కూర చేయాలి అని అడిగినట్టు అడిగాను. "ఎవరి కోసం తెచ్చుకున్యావు?"

"ఎవరి కోసమేంది? యాడికి పోతా నేను?" కోపంగా అన్నాడు. పక్క మంచం ముసలమ్మ మా వైపు చూసేసరికి గొంతు తగ్గించాడు. "అమ్మ పోయి ఏడాది దాటె. నువ్వు ఆ మంచం కాడే పండుకుంటాండావు. పిలుద్దామని చానా రోజులు అనుకున్యా. పిలిస్తే నువ్వొస్తావు. వచ్చినాక నా చేత అయితాదో కాదో. ఇన్నేండ్లాయె గదా. అందుకని..."

చెప్పలేక ఇడ్లీ పొట్లం మళ్లీ మడత పెట్టాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లైన కొత్తలో కూడా ఆయన నాతో ఇంత పొడుగు మాట చెప్పలేదు. కథల్లో అయితే ఇక్కడ కళ్లలో నీళ్లు రావాలి. నాకు రాలేదు. చేతికి అంటించిన ప్లాస్టరు కింద దురదగా ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన చెప్పింది అర్థమైంది. ఆయన ఒక్కడే ఏడాది పాటు దాన్ని మోశాడని కూడా అర్థమైంది. కానీ ఆ అర్థం తలలోనే ఆగిపోయింది, కిందికి దిగలేదు.

"అడిగింటే సరిపోయేది గదా" అన్నాను.

"ఏమని అడగల్ల?"

నేను ప్లాస్టరు అంచు గోకాను.

"మరి నువ్వెందుకు తిన్యావు?" అన్నాడు.

"నడుము తగ్గుతాదని."

ఆయన నిజంగా ఆశ్చర్యపోయి నన్ను పై నుంచి కిందికి చూశాడు. "నీ నడుముకేమైంది?"

ఎగతాళి కాదు. ఆయనకు ఏమీ కనిపించలేదు. ఆ ఫొటో గురించి చెప్పాలనుకున్నాను. ఇంతలో నర్సు మాత్రలు తెచ్చింది.

ఇంటికి వచ్చిన రెండో రోజు ఆయన జిమ్ముకు వెళ్లి అడిగాడట. అక్కడి మనిషి "మీ ఇంట్లో ఆడోళ్లకు నువ్వెందుకిచ్చినావన్నా?" అన్నాడట. ఆయన తిరిగొచ్చి ఆ మాట నాతో చెప్పి, కొట్లాడాల్సింది అన్నాడు. కొట్లాడి ఏం చేస్తావు అన్నాను. డబ్బా ఆస్పత్రిలోనే డాక్టరమ్మ బల్ల మీద వదిలేసి వచ్చాం.

మాత్ర ఆపిన నాలుగైదు రోజులకు నా చేతులు వణకడం మానేశాయి. ఆకలి తిరిగొచ్చింది. దడ పోయింది, దాంతో పాటు ఆ భయం కూడా పోయింది. మళ్లీ మునుపటిలా, నీళ్లలో చెయ్యి పెడితే చల్లగా ఉందో వేడిగా ఉందో తేల్చుకోవడానికి కాసేపు పట్టే స్థితి. ఈ సంగతి డాక్టరమ్మతో చెప్పాను, నెల తర్వాత బీపీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు. ఎప్పటి నుంచి అని అడిగింది. అత్త పోయినప్పటి నుంచి అనబోయి, కాదు, ఆమె పడిపోయినప్పటి నుంచి అన్నాను. ఆమె రాసుకుంది. అనంతపురంలో మనసుకు మందిచ్చే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లమని చీటీ ఇచ్చింది. వెళ్తున్నాను. దానికీ మాత్రలే. ఈసారి దాచలేదు, వంట అరలో ఉప్పు డబ్బా పక్కనే పెట్టుకున్నాను.

ఒక ఆదివారం నేనే అన్నాను, "ఈ మంచం తీసేద్దాం." ఆయన రెంచీ తెచ్చాడు. తుప్పు పట్టి నట్లు ఒక పట్టాన రాలేదు. ఆయన తిప్పుతుంటే నేను కాళ్లు పట్టుకున్నాను. సాయంత్రానికి గది ఖాళీ అయింది. ఆయన పరుపు తెచ్చి అక్కడ పరిచాడు. నన్ను అడగలేదు, నేనూ వద్దనలేదు.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఒకటి రెండు సార్లు జరిగింది. ఒకటి రెండు సార్లు కాలేదు, ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. అలా వేయాలని తెలుసు కాబట్టి వేశాను. వీపు వెచ్చగా ఉంది. అంతవరకు తెలిసింది.

ఇద్దరినీ నడవమన్నారు కాబట్టి ఇప్పుడు పొద్దున్నే రైలు గేటు దాకా నడుస్తాం. ఆయన ముందు, నేను రెండడుగులు వెనక. ఈ ఏడు కూడా వాన లేదు. రోడ్డుకు అటూ ఇటూ శెనక్కాయ చేలు దున్ని అలాగే వదిలేశారు. నిన్న గేటు పడి ఉంది. గూడ్సు బండి చాలాసేపు వెళ్లింది. ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"కాళ్లు నొస్తాండాయా?" అన్నాడు.

"లేదు."

"నాకు నొస్తాండాయి" అన్నాడు.

గేటు లేచేదాకా రాయి మీద కూర్చున్నాం. తర్వాత ఇంటి వైపు తిరిగాం.