తనిఖీకి ముందు టీ

ప్రమాదకర వ్యర్థాల తనిఖీ అధికారి అంటే చాలామంది నన్ను చెత్తబండి సూపర్‌వైజర్ అనుకుంటారు. మా ఆవిడ తరఫు చుట్టాలు ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు, నేనూ దిద్దడం మానేశాను. ఫ్యాక్టరీల్లో మిగిలిపోయే యాసిడ్లు, వాడేసిన నూనెలు, విషపు మడ్డి ఎక్కడ పారబోస్తున్నారో పట్టుకోవడం నా పని. విశాఖలో ఆ పనికి కొదవ లేదు.

నాకు ఈ పని నేర్పింది మా ఆఫీసులోనే నాకంటే సీనియర్ ఒకాయన. మాది గోదావరి వైపు, స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికొచ్చి నాన్న ఇక్కడ స్థిరపడ్డాడు. ఆ సీనియర్‌ది విజయనగరం పక్క పల్లె. చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటి రోజే నన్ను బావా అన్నాడు, నేనూ బావా అన్నాను. మా పిల్లలు మావయ్యా అంటూ యారాడ బీచిలో ఆయన భుజాలెక్కి తిరిగేవాళ్లు. కొత్తగా సున్నం వేసిన గోడని నమ్మొద్దని, వెనక ప్రహరీ కింద గడ్డి ఏ రంగులో ఉందో చూడమని చెప్పింది ఆయనే.

ఆకస్మిక తనిఖీకి ఎప్పుడు బయల్దేరినా, పారిశ్రామికవాడ మలుపులో జీపు ఆపించి టీ తాగేవాడు. మిరపకాయ బజ్జీ సరేసరి. బజ్జీ లేకపోతే నీకు కాలుష్యం కనపడదా అని ఆటపట్టించేవాణ్ణి. తీరా మేం వెళ్లేసరికి ఫ్యాక్టరీలో నేల కడిగి ఉండేది, డ్రమ్ముల మీద లేబుళ్ల బంక ఇంకా ఆరి ఉండేది కాదు. మేనేజరు కొబ్బరిబొండాలతో ఎదురొచ్చేవాడు. మేం వస్తున్నట్టు వీళ్లకెలా తెలుస్తోందని బుర్ర బద్దలు కొట్టుకునేవాణ్ణి.

అలాంటి ఒక ఫ్యాక్టరీలో లోడింగ్ చేసే మనిషి ఓసారి నాకు ఫోన్ చేశాడు. పెద్ద వాన పడగానే వెనక వాల్వు తిప్పి, ట్యాంకులో విషమంతా పక్కనున్న వాగులోకి, అదే గెడ్డలోకి, వదిలేస్తున్నారట. వాన నీళ్లలో కలిసిపోతే ఇక పట్టుకునేదెవరు? ఆ గెడ్డ ఒడ్డునే వాళ్ల ఊరు, వాళ్ల గేదెలు తాగేది ఆ నీళ్లే. తన సంగతి మాత్రం బయటికి రానివ్వొద్దని, పని పోతే ఇల్లు గడవదని బతిమాలాడు. రానివ్వనని మాటిచ్చాను. కేసు మా ఇద్దరిదీ కాబట్టి బావకి చెప్పాను. ఆఫీసులో ఇంకో మనిషికి తెలియదు.

వాన రానే వచ్చింది. వెంటనే బయల్దేరాం. మలుపులో బావ మళ్లీ జీపు ఆపించాడు. ఇంత వానలో టీ ఏమిటయ్యా అని విసుక్కున్నా వినకుండా దిగిపోయాడు. తడిసిపోతాడని మనసాగక గొడుగు పట్టుకుని వెనకే వెళ్లాను. టీకొట్టు వెనక టార్పాలిన్ కింద నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"వాల్వు కట్టీండి బేగి. ఈలోగా టీ తాగించి తీసుకొత్తాను. సెప్పింది మీ లోడింగోడే."

ఇటు తిరిగి నన్ను చూశాడు. తడబడలేదు. "నీ మాటెక్కడా రానీనేదు బావా" అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు. ఒళ్లు మండిపోయింది. కాలరు పట్టుకున్నాను. టీకొట్టాయన వచ్చి విడదీశాడు. మేం వెళ్లేసరికి వాల్వు బిగించి ఉంది, గెడ్డలో మామూలు వాననీళ్లే పారుతున్నాయి. పై అధికారికి చెబితే, అన్నదమ్ముల్లా ఉండేవాళ్లు సర్దుకుపోండయ్యా అన్నాడు. ఎన్నేళ్లుగా ఆ బజ్జీలు నేనే కొనిపెట్టానో తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

ఆ లోడింగ్ మనిషిని పనిలోంచి తీసేశారు. జరిగింది జరిగినట్టు చెబుదామని వాళ్లింటికి వెళ్లాను. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, లోపలికి రమ్మనలేదు. నాకంటే ముందే బావ వచ్చి వెళ్లాడట. నేనే ఫ్యాక్టరీ వాళ్లకి చెప్పేశానని, తనెంత ఆపినా విననే లేదని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. ఇంకోచోట పని చూసిపెడతానని కూడా అన్నాడట. అది నేను కాదు, వాడేనని చెప్పాను. టీకొట్టు దగ్గర విన్నది విన్నట్టు చెప్పాను. కోపంతో నా గొంతు వణుకుతోంది, ఆ వణుకే నన్ను దొంగని చేస్తోందని నాకే తెలుస్తోంది. ఆ లోడింగ్ మనిషి అంతా విన్నాడు.

"ఆ సారు మంచోరు బాబూ. నాను మీకు కాదు, ఆయనకి సెప్పుకోవలసింది" అన్నాడు.