లెక్కపెట్టకూడని రొట్టెలు

మా అత్తమ్మ జొన్నరొట్టెలు చేసేటప్పుడు పక్కన నిలబడి ఎన్నయ్యాయని అడిగామా, ఇక ఆ పూటంతా మొహం మాడ్చుకునే ఉంటుంది. తినేవాళ్ల కంచంలోకి చూడడం అంతకన్నా పెద్ద తప్పు. "తినేటోళ్ల బుక్కలు లెక్కబెడ్తరా? దిష్టి తగుల్తది" అంటుంది. పెళ్లయి నాచారం వచ్చిన కొత్తలో లోలోపల నవ్వుకున్నాను. పోనుపోను నాకూ అదే అలవాటైంది. మా ఇంట్లో బియ్యం ఎప్పుడూ అయిపోవు, నిండుకుంటాయి.

అట్లాంటి ఇంట్లోంచి నేను ఉప్పల్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు పోయాను. ఎక్కడన్నా రిసెప్షన్‌లో కూర్చునే ఉద్యోగం దొరకాలంటే నాలుగు ముక్కలు ఇంగ్లీష్ రావాలన్నారు. మెట్రో స్టేషన్ దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం పైన ఒక గది. సార్ నాకన్నా చిన్నవాడు, ఓపికున్నవాడు. నాకే ఓపిక తక్కువ.

ఒకరోజు ఆయన బోర్డు మీద నిలువుగా గీత గీశాడు. ఇటు లెక్కపెట్టగలిగే తిండి, అటు లెక్కపెట్టలేని తిండి. గుడ్డు, అరటిపండు, రొట్టె ఇటు. అన్నం, పప్పు, పెరుగు అటు. ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత ఉల్లిగడ్డను ఇటు రాసి ఎల్లిగడ్డను అటు రాశాడు. రెండూ మా వంటింట్లో ఒకే బుట్టలో ఉంటాయి, వాటి మధ్య ఈ తగువు ఎవరు పెట్టారో! బ్రెడ్ కూడా అటేనట. బేకరీవాడు ముక్కలు కోసి వరుసగా పేర్చి అమ్మే బ్రెడ్‌ను ఎందుకు లెక్కపెట్టరాదో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. కోడి తిరుగుతున్నంతసేపు లెక్కలోకి వస్తుందట, కూరయ్యాక రాదట. నా బుర్ర వేడెక్కింది.

"సార్, రొట్టెలు లెక్కబెట్టరు గదా" అన్నాను.

"ఎందుకు మేడమ్? వన్ రోటీ, టూ రోటీస్. లెక్కకు వస్తయి గదా."

"వస్తయి సార్. కానీ మేం లెక్కబెట్టం."

క్లాసంతా నవ్వింది. "ఇంగ్లీష్‌ల గట్ల ఆలోచించొద్దు మేడమ్" అన్నాడు సార్. మర్నాడు ఒక్కొక్కరం లేచి, రాత్రి మా ఇంట్లో ఎవరు ఏమేం తిన్నారో మెనీలు, మచ్‌లు పెట్టి చెప్పాలన్నాడు. నాకు ఒళ్లు మండింది. చదువు కోసం మొగుడి కంచంలోకి తొంగిచూడాలా?

చూశాను. మా ఆయన మల్లాపూర్‌లో ఒక కంపెనీలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. ఆ రాత్రి ఒక రొట్టె తిన్నాడు. రెండోది తుంచి, కూరలో అద్దకుండానే పక్కన పెట్టాడు. "ఆకలైతలేదు, కంపెనీల చాయ్ తాగిన" అంటూ చెయ్యి కడుక్కున్నాడు. నా పాఠం తేలికైందని సంతోషపడ్డాను.

మర్నాడు క్లాసులో లేచి, "మై హస్బెండ్ ఏట్ వన్ రోటీ" అన్నాను. సార్ "వెరీ గుడ్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కూర్చోలేకపోయాను. పొద్దంతా ఇనుముతో కుస్తీపట్టే మనిషి ఒక్క రొట్టె తినడమేమిటి? ఆ మాట ఇంగ్లీష్‌లో అన్నాకే నా చెవిన పడింది.

ఇక ఆ రోజు నుంచి నా కళ్లు నా మాట వినలేదు. ఆయన కంచం ముందు కూర్చోగానే అటే పోయేవి. ఒక రొట్టె, కొన్ని రోజులు అదీ పూర్తిగా కాదు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పెట్టుకున్నాడని బట్టలు ఉతికేటప్పుడు చూశాను. ఏమైందంటే "ఏం కాలే, మంచిగున్న" అంటాడు. నా భయానికి ఒక పిచ్చి అనుమానం తోడైంది. ఈయన తిండి తగ్గింది కాబట్టి నా కంట పడిందా, నా కంట పడింది కాబట్టే తగ్గిందా? ముందు ఎన్ని తినేవాడో తెలిస్తే కదా తేలేది! ఇన్నేళ్లూ వడ్డించిన దాన్ని, నాకే తెలియదు. అత్తమ్మను అడిగితే నేను లెక్కపెట్టానని తెలిసిపోతుంది. అంతా నా వల్లే అంటుంది. నిజంగా నా వల్లేనేమో కూడా తెలియలేదు.

చివరికి నాచారంలోనే ఒక దవాఖానాకు బలవంతంగా తీసుకుపోయాను. అత్తమ్మ కూడా వస్తానంది. డాక్టరు కడుపు నొక్కి చూసి, "హౌ మెనీ రోటీస్? ముందు ఎన్ని, ఇప్పుడు ఎన్ని?" అని అడిగాడు.

క్లాసు బయట నాకు పూర్తిగా అర్థమైన మొదటి ఇంగ్లీష్ ప్రశ్న అదే. జవాబు సగమే తెలుసు. ఆ సగం కూడా అత్తమ్మ ముందు చెప్పలేక మా ఆయన వైపు చూశాను. "మంచిగనే తింటున్న సార్" అన్నాడు మా ఆయన.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. "నాలుగు తినేటోడు సార్" అంది గోడతోనే. "బోనాలప్పుడు మూడైనయి. దసరాకు రెండు. ఇప్పుడు ఒక్కటి, అది గూడ మింగుతుంటే గుండెల మీద చెయ్యి పెట్టుకుంటున్నడు. రొట్టెలు చాతనైతలేవని అన్నం పెడితే గూడ గంతే."

నేను నోరు తెరుచుకుని ఆమెనే చూశాను. ఎన్నడూ ఆయన కంచం వైపు తల తిప్పని మనిషి!

గొంతులోంచి గొట్టం వేసి చూశాక, ఆహారనాళంలో పుండు పడిందని, ఇంకా నాన్చితే ఆపరేషన్ దాకా పోయేదని, ఇప్పటికైతే మందులతో తగ్గుతుందని డాక్టరు అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

"నువ్వు సూస్తున్నవని నాకెర్కనే" అంది. "దిష్టి గిట్ల తగిల్తే నాదే తగిలిందేమో బిడ్డా. వాడు పుట్టినకాడి నుంచి లెక్కబెడ్తనే ఉన్న."

నాకు ఏడుపొచ్చింది. "గట్లనకు అత్తమ్మా" అన్నాను.

మందులు వాడుతుండగా నొప్పి తగ్గింది. మొదట పెరుగన్నం, తర్వాత మెత్తటి రొట్టెలు. మొన్న ఒక సాయంత్రం తింటూ తింటూ, మాతో ఏమీ అనకుండా, తనంతట తానే గిన్నెలోంచి ఇంకో రొట్టె తీసుకున్నాడు. అత్తమ్మ గబుక్కున టీవీ వైపు తిరిగింది. నేనూ తిరిగాను. టీవీ కట్టేసి ఉంది.

ఆ రోజు ఎన్ని తిన్నాడో మా ఇద్దరికీ తెలుసు. ఇక్కడ కూడా రాయను.